నల్లరేగడి బాటలో పాత బండి

నల్లరేగడి నేల రైతుకు అల్లాహ్ ప్రసాదించిన వరం. బండి నడిపేవానికి మాత్రం అదే నేల ఒక పరీక్ష. వేసవిలో అరచెయ్యి దూరేంత వెడల్పున నోళ్లు తెరిచే ఆ మట్టి, మృగశిర కార్తెలో రెండు వానలు పడగానే ఉబ్బి, జిగురై, నడిచే మనిషి చెప్పును సైతం విడిచిపెట్టదు. తడిసినప్పుడు నీటిని పీల్చుకొని ఉబ్బడం, ఆరినప్పుడు కుంచించుకొని పగలడం ఆ బంకమట్టి స్వభావం. పత్తికీ కందికీ ప్రాణం పోసేది ఆ గుణమే, చక్రాన్ని పట్టి ఆపేదీ ఆ గుణమే. టైరు గాళ్లలో మట్టి ఒకసారి నిండిందంటే, ఎంత కొత్త టైరయినా అరిగిపోయినదానిలాగే నున్నగా జారిపోతుంది.

మా ఊరు బోరంచ, సంగారెడ్డి జిల్లా మనూరు మండలంలో మంజీరా ఒడ్డున ఉంది. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీరా, బీదర్ ప్రాంతం దాటి మా వైపు వచ్చి, దిగువన సింగూరు జలాశయంలో చేరుతుంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు మా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో భాగం. అందువల్లనే మా వైపు సంతల్లో తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ మాటలు ఒకే తక్కెడలో తూగుతాయి. బోరంచ అనగానే చాలామందికి నల్లపోచమ్మ ఆలయం, అక్కడికి వచ్చే జనం గుర్తుకొస్తారు. అయితే వారు వచ్చే రోడ్డు వేరు, మేము బ్రతికే బాటలు వేరు. ఊరి నుండి చేలకు, చేల మీదుగా తండాలకు పోయేవి ఎద్దుబండ్ల కాలం నాటి బాటలు. వానాకాలం నాలుగు నెలలు ఆ బాటల మీద ఎద్దుల బండి, ట్రాక్టరు తప్ప మరొకటి కదలడం కష్టం.

మా తమ్ముడు సౌదీలో పదకొండేళ్లు డ్రైవరుగా పనిచేసి తిరిగివచ్చాడు. అక్కడ పికప్ బండిని 'వానైత్' అంటారట. ఎడారిలో గొర్రెల మందలకు నీళ్లూ దాణా మోసే వానైత్ నడిపిన అనుభవం అతనిది. ఊరికి వచ్చాక తనకు తెలిసిన పనితోనే హలాల్ జీవనోపాధి సంపాదించుకోవాలని సంకల్పించాడు. పత్తి, కంది, కూరగాయలు చేల నుండి మార్కెటుకు చేర్చే బండి ఒకటి ఉంటే చాలునని అతని లెక్క.

కొత్త బండి కొనమని చెప్పినవారు చాలామంది. కొద్దిగా ముందు సొమ్ము కడితే మిగతాది ఫైనాన్సు వాళ్లు ఇస్తారు, నెలనెలా వాయిదాలు కట్టుకుంటే సరిపోతుంది. ఆ వాయిదాల్లో వడ్డీ ఉందన్న సంగతి అందరికీ తెలిసినదే, అందరూ అలవాటుపడినదే. మా తమ్ముడు అందుకు ససేమిరా అన్నాడు. వడ్డీ నిషిద్ధమన్నది అతనికి ఖుత్బాలో విని ఇంటి గడపలో వదిలేసే మాట కాదు. "భాయిజాన్, చెమటోడ్చి తెచ్చిన సొమ్ము ఇది. దీనితో ఎంత బండి వస్తే అంత బండే నాది" అన్నాడు. ఆ సొమ్ముకు కొత్త బండి రాదు. పదేళ్లు దాటిన పాత బండి వస్తుంది, దాన్ని బాగు చేయించుకోవడానికి కొంత మిగులుతుంది. అలా మా ఇంటి ముందుకు ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న ఒక పాత బొలెరో క్యాంపర్ వచ్చింది. ముందు అయిదుగురు కూర్చునే క్యాబిన్, వెనుక సరుకు తొట్టి. పల్లెలో ఒకే బండి మనుషులకూ సరుకుకూ పనికిరావాలంటే ఇంతకంటే తగినది లేదు.

మన ప్రాంతానికీ ఇలాంటి బండ్లకూ పాత అనుబంధమే ఉంది. 1942లో నిజాం కాలంలో నెలకొన్న హైదరాబాద్ ఆల్విన్ సంస్థ తరువాతి కాలంలో జపాను నిస్సాన్ సహకారంతో జహీరాబాదులో చిన్న లారీల కర్మాగారం పెట్టింది. 1989లో అది మహీంద్రా వారి చేతికి వచ్చింది. ఆ మహీంద్రా కంపెనీ 1945లో పుట్టినప్పటి పేరు 'మహీంద్రా అండ్ మహమ్మద్'. భాగస్వాముల్లో ఒకరైన మాలిక్ గులాం మహమ్మద్ దేశ విభజన తరువాత పాకిస్తాన్ వెళ్లి అక్కడ తొలి ఆర్థికమంత్రి, ఆ తరువాత గవర్నర్ జనరల్ అయ్యారు. ఇక్కడి కంపెనీ పేరు 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. యుద్ధకాలపు విల్లీస్ జీపులను మన దేశంలో బిగించి అమ్మడంతో మొదలైన ఆ పరంపరలోనిదే మా పాత బండి కూడా. గట్టి ఇనుప చాసీస్, కమాన్ పట్టీలు, ఏ పల్లె మెకానిక్కయినా విప్పి బిగించగల యంత్రం.

బండి వచ్చిన రోజునే మా ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. పాలిటెక్నిక్ చదువుతున్న మా అబ్బాయి ఒక పక్షం, మా తమ్ముడు రెండో పక్షం. వాడు ఫోనులో ఆఫ్ రోడ్ వీడియోలు చూసి పెరిగిన పిల్లవాడు. కొండవాలులు ఎక్కేవి, బురదగుంటల్లో దూకి లేచేవి, ఎత్తుగా లేపి పెద్ద పెద్ద చక్రాలు తొడిగిన పికప్పులు వాడి కళ్లలో మెదులుతుంటాయి. "చాచా, ఒక అరడుగు ఎత్తు లేపుదాం. వెడల్పాటి టైర్లు వేద్దాం. ముందు ఇనుప బంపరు, పైన లైట్ల వరుస పెడదాం. వెనుక హౌసింగును వెల్డింగ్ చేయిస్తే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి, ఏ బురదయినా దాటుతుంది" అని ఒక కాగితం మీద బొమ్మ గీసి తెచ్చాడు.

మా తమ్ముడు ఆ కాగితాన్ని చింపలేదు, నవ్వలేదు. అసర్ నమాజు తరువాత వాణ్ణి బండి కింద పడుకోబెట్టి ఒక్కొక్కటే చూపించాడు. నేను ఉపాధ్యాయుణ్ణి. ముప్పయ్యేళ్లు తరగతి గదిలో చెప్పినవాణ్ణి. ఆ సాయంత్రం గోనెపట్టా మీద జరిగిన పాఠంలో మాత్రం నేనూ ఒక విద్యార్థినే.

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. ఆ తేడాను సర్దేదే ఇరుసు మధ్య హౌసింగులో ఉండే డిఫరెన్షియల్. దానివల్లనే బురదలో పట్టు లేని చక్రం గిర్రున తిరుగుతుంటే, పట్టున్న చక్రం కదలక నిలబడుతుంది. వెల్డింగ్ చేస్తే ఆ చిక్కు తీరుతుంది, నిజమే. కానీ తారురోడ్డు మీద మలుపు దగ్గర రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగబోయి టైర్లు గీసుకుపోతాయి, యాక్సిల్ విరుగుతుంది, తడి రోడ్డు మీద బండి చెప్పిన మాట వినదు. ఎత్తు సంగతి కూడా అంతే. బండిని ఎంత లేపితే బరువు అంత పైకి పోతుంది. తొట్టిలో పత్తి బోరాలు తలకంటే ఎత్తుగా పేర్చిన రోజున, పక్కకు వాలిన బాటలో అది బోర్లా పడడానికి గట్టు అవసరం లేదు, ఒక గాడి చాలు. దానికి తోడు ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు మారి క్రాసులు త్వరగా అరుగుతాయి, బ్రేకు గొట్టాలు పొడవు చాలక బిగుసుకుంటాయి.

"వీడియోలో బండి ఒకరోజు గెలిస్తే చాలు బేటా. మన బండి రోజూ ఇంటికి రావాలి" అన్నాడు మా తమ్ముడు.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీలు లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణ ప్రకారం అలా మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సరుకు బండికి ఎనిమిదేళ్లు దాటాక ప్రతి సంవత్సరం ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. పేరు మార్పిడి, బీమా, ఫిట్‌నెస్ కాగితాలు సరిగా లేని బండి ఎంత బలమైనదయినా, ప్రమాదం జరిగిన రోజున ఆ బలం ఎవరికీ అక్కరకు రాదు.

అలా కాగితం మీది బొమ్మ పక్కకు పోయింది. అసలు పని మొదలయింది. నారాయణఖేడ్‌లోని ఒక చిన్న షెడ్డులో మూడు వారాలు జరిగిన ఆ పనిలో కంటికి కనబడేది చాలా తక్కువ. ముందుగా బ్రేకులు: మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, లైనర్లు, గొట్టాలు అన్నీ మార్చారు. కదలడం కంటే ఆగడం ముఖ్యమని మా తమ్ముడి సిద్ధాంతం. తరువాత చాసీస్‌ను నీటితో కడిగి, తుప్పు గీకి, సన్నని పగుళ్ల కోసం సుత్తితో తట్టి చూశారు. విరిగిన కమాన్ పట్టీలను తీసి కంపెనీ కొలతవే వేశారు, సెంటర్ బోల్టులు, యూ బోల్టులు కొత్తవి బిగించారు. ఏళ్ల తరబడి వాడక బిగుసుకుపోయిన ఫోర్ వీల్ గేరును విప్పి శుభ్రం చేశారు. అందులో 'లో' గేరు పడినప్పుడు బండి వేగం తగ్గి లాగుడు బలం పెరుగుతుంది. ఎద్దు అడుగులా నిదానంగా, ఆగకుండా పోగలదు. బురదలో బండిని కాపాడేది అదే.

మా అబ్బాయికి కొత్తగా తోచిన సంగతి ఇరుసుల ఊపిరి గొట్టాలు. ప్రతి హౌసింగు పైన గాలి ఆడడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. నడిచి వేడెక్కిన ఇరుసు చల్లని వాగునీటిలో మునగగానే లోపలి గాలి కుంచించుకొని బయటి నీటిని లోపలికి లాగుతుంది. నూనెలో నీరు కలిస్తే అది పాలు కలిపిన టీ రంగుకు మారుతుంది, పళ్ల చక్రాలు త్వరలోనే పాడవుతాయి. ఆ రంధ్రాలకు సన్నని రబ్బరు గొట్టాలు తగిలించి క్యాబిన్ ఎత్తుకు తీసుకుపోవడం పెద్ద ఖర్చు కాదు. ఇంజనుకు గాలి వెళ్లే గొట్టాల పగుళ్లు సరిచేయడం, క్లిప్పులు బిగించడం కూడా అంతే అవసరం. గాలిని నొక్కగల పిస్టను నీటిని నొక్కలేదు. ఒక్క గుక్కెడు నీరు సిలిండరులోకి పోయినా కనెక్టింగ్ రాడ్డు వంగి ఇంజను అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం మా అబ్బాయి పట్టు వదలలేదు. అది టైర్లు. "ఉన్నవి ఇంకొక సంవత్సరం వస్తాయి" అని చాచా అంటే, "రోడ్డు మీద వస్తాయి, రేగడిలో రావు" అని వాడు వాదించాడు. కంపెనీ చెప్పిన కొలతలోనే, లోతైన గాళ్లు, వాటి మధ్య ఎడం ఎక్కువగా ఉన్నవి దొరుకుతాయనీ, చక్రం తిరిగేటప్పుడు మట్టి ఆ ఎడంలోంచి దానంతటదే రాలిపోతుందనీ వివరించాడు. వెడల్పాటి టైరు మెత్తటి బురద మీద తేలుతుందనీ, పైన పలుచని బురద ఉండి అడుగున గట్టి నేల ఉన్నచోట సన్నని టైరే దాన్ని కోసుకొని పట్టు దొరకబుచ్చుకుంటుందనీ చెప్పాడు. మా బాటలు చాలావరకు రెండో రకానివే. మా తమ్ముడు రెండు రోజులు ఆలోచించి, "లైట్ల వరుసకూ బంపరుకూ అడిగితే ఇవ్వనన్నాను. ఇది అవసరం, దుబారా కాదు" అని సొమ్ము తీసి ఇచ్చాడు. తొట్టిలో ఒక పెట్టె బిగించి అందులో మోకు, చేతితో లాగే చైన్ పుల్లీ, పార, రెండు పలకలు, గోనె సంచులు, కాలితో కొట్టే గాలి పంపు పెట్టారు. ఇసుకలో టైరు గాలి తగ్గిస్తే చక్రం కింద నేల పట్టు పెరుగుతుందని ఎడారిలో నేర్చిన విద్య. ఖాళీ బండికే అది మేలు. బరువుతో అలా నడిపితే టైరు రిమ్ము నుండి ఊడుతుంది. గాలి తగ్గించినవాడు తారురోడ్డు ఎక్కేముందు తిరిగి నింపుకోవాలి, అందుకే ఆ పంపు.

మొత్తం ఖర్చు, కొన్న ధరతో కలిపినా, కొత్త బండి వెలలో సగానికి రాలేదు. నెలనెలా ఎవరికీ బాకీ లేదు.

ఆ సంవత్సరం భాద్రపదంలో ఒక రాత్రి, ఇషా నమాజు అయ్యాక, వాగవతలి తండా నుండి ఫోను వచ్చింది. "అన్నా, మా కోడలికి నొప్పులొస్తున్నయి. 108కు ఫోన్ చేస్తే తారురోడ్డు దాకనే రాగలమంటున్రు. ట్రాక్టర్ మీద కూసుండే తట్టు లేదు" అన్నాడు ఆ పెద్దమనిషి. రోజంతా వాన కురుస్తూనే ఉంది. మా తమ్ముడు, మా అబ్బాయి, నేను బయలుదేరాము. అమ్మీ గడపలో నిలబడి ప్రయాణ దుఆ చదివి పంపింది.

రేగడి బాటను బండి 'లో' గేరులో దాటింది. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తొందరపడలేదు. చక్రాల నుండి మట్టిపెళ్లలు రాలి తొట్టికి తగులుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. మా తమ్ముడు వెనక్కు తిరగకుండానే, "నీ టైర్లు బాగున్నాయిరా" అన్నాడు. మా అబ్బాయి ఏమీ అనలేదు. వాగు దగ్గరకు వచ్చేసరికి నీరు ఎర్రగా, బలంగా పారుతోంది. అవతలి గట్టు మీద టార్చిలైట్లు కనబడుతున్నాయి. మంచం మీద పడుకోబెట్టిన ఆ తల్లి మూలుగు నీటి హోరులోనూ వినవస్తోంది.

వాగు మధ్య ఒక బండరాయి ఉంది. మామూలు రోజుల్లో దాని మీద ఆడవాళ్లు బట్టలు ఉతుకుతారు. ఆ రాత్రి దాని తల కూడా కనబడలేదు. మా తమ్ముడు ఇంజను ఆపలేదు, బండి దించనూ లేదు. "రాయి కనబడేవరకు పోను" అన్నాడు.

"చాచా, బండి పోగలదు! మనం చేసినదంతా దీనికే కదా!" అన్నాడు మా అబ్బాయి, దాదాపు ఏడుస్తూ.

"బండి పోగలదేమో. నీరు పోనివ్వాలి కదా. నిలిచిన నీరు వేరు, పారే నీరు వేరు. పారే నీరు చక్రం సగానికి వస్తే చాలు, ఇంత ఇనుమునూ పక్కకు నెడుతుంది. ఒక ప్రాణాన్ని తేవడానికి వచ్చాం, మూడు ప్రాణాలు ఇచ్చి పోవడానికి కాదు."

వాన తెరిపినిచ్చింది. పైనుండి వచ్చే నీరు తగ్గడానికి ఎంత సమయం పడుతుందో ఎవరికీ తెలియదు. అవతలి నుండి రెండుసార్లు కేకలు వేశారు. మా తమ్ముడు స్టీరింగు మీద చేతులు పెట్టుకొని మనసులోనే ఏదో చదువుకుంటున్నాడు. నేను గడియారం చూసుకుంటూనే ఉన్నాను. నలభై నిమిషాలు గడిచాక నీటి మీద ఒక నల్లని మచ్చ తేలింది. అదే ఆ రాయి తల. మరికాసేపటికి భుజం కూడా బయటపడింది. మా తమ్ముడు దిగి, నడుముకు మోకు కట్టించుకొని, కర్రతో నేల తడుముతూ అవతలి వరకు నడిచి, తిరిగి వచ్చాడు. నీరు మోకాలికి కిందనే ఉంది. అప్పుడు బండిని వాగులోకి దించాడు. గేరు మార్చకుండా, నీటిని ముందుకు నెడుతూ ఒకే వేగంతో అవతలి గట్టెక్కించాడు.

ఆ తల్లిని వెనుక సీటులో పడుకోబెట్టి, ఆశా కార్యకర్త పక్కన కూర్చోగా, అదే దారిన తారురోడ్డుకు చేర్చాము. 108 బండి అక్కడ వేచి ఉంది. తెల్లవారి ఫజర్ వేళకు నారాయణఖేడ్ ఆసుపత్రి నుండి ఫోను వచ్చింది. ఆడపిల్ల పుట్టిందని, తల్లీ బిడ్డా క్షేమమని. అల్‌హమ్‌దులిల్లాహ్. తండావారు సొమ్ము ఇవ్వబోతే మా తమ్ముడు డీజిలు ఖర్చు మాత్రం తీసుకున్నాడు. అది కూడా, ఏమీ తీసుకోకుంటే మరోసారి పిలవడానికి వాళ్లు మొహమాటపడతారని.

పాఠక సోదర సోదరీమణులకు ఈ కథ చెప్పడంలో నా ఉద్దేశం బండి గొప్పదనం చాటడం కాదు. మన పిల్లలు యంత్రాలను ప్రేమిస్తారు. వేగం, ఎత్తు, చప్పుడు వారిని ఆకర్షిస్తాయి. ఆ ప్రేమను తప్పుపట్టి బయటకు తరిమితే అది రోడ్డు మీద ప్రాణాంతకమైన ఆటగా మారుతుంది. అదే ప్రేమను బండి కిందికి తీసుకుపోయి, చేతికి స్పానరు ఇచ్చి, ప్రతి బోల్టు ఎందుకుందో చూపితే అది విద్య అవుతుంది. వారి మాటలో పస ఉన్నప్పుడు దాన్ని ఒప్పుకొని సొమ్ము పెట్టడం కూడా పెద్దల బాధ్యతే. బండి మన చేతిలోని అమానతు. దానిలో కూర్చున్నవారి ప్రాణాలూ, దానికి ఎదురుగా నడిచి వచ్చేవారి ప్రాణాలూ ఆ అమానతులో భాగమే.

ఇప్పుడు ప్రతి సంవత్సరం రోహిణి కార్తె ముగిసేలోపు మా అబ్బాయి ఒక నోటుపుస్తకం పట్టుకొని బండి చుట్టూ తిరుగుతాడు. బ్రేకు లైనర్ల మందం, హౌసింగు నూనె రంగు, ఊపిరి గొట్టాల పగుళ్లు, టైరు గాళ్ల లోతు, మోకు పోగులు, బీమా తేదీ అన్నీ రాసుకుంటాడు. వీడియోలు చూడడం మానలేదు. మానమని మేమూ అనలేదు. పోయిన వేసవిలో వాగు ఎండినప్పుడు వాడే తండా కుర్రాళ్లతో కలిసి ఆ బండరాయి మీద తెల్లరంగుతో ఒక గీత గీశాడు. నీరు ఆ గీతకు కిందనుంటే బండి దిగవచ్చు, పైనుంటే దిగరాదు. ఇప్పుడు మా బండే కాదు, ఆ బాటన పోయే ట్రాక్టర్లు కూడా ముందు ఆ గీతను చూసుకొనే వాగులోకి దిగుతున్నాయి.